ఆరో వంతు షెర్మన్ ట్యాంకు కట్టబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన డ్రాయింగులన్నీ చూశాను. షెర్మన్ ట్యాంకును ఆరో వంతు కొలతలో కట్టి రిమోటుతో నడిపించాలనుకోవడం, అందులోనూ 1965 భారత్-పాక్ యుద్ధంలో పంజాబులోని అసల్ ఉత్తర్ దగ్గర పోరాడిన దక్కన్ హార్స్ రెజిమెంటు రంగులు, గుర్తులతో దాన్ని తయారు చేయాలనుకోవడం నాకు ఎంతో నచ్చింది. నిజాం కాలపు హైదరాబాదు అశ్వదళాల్లో పుట్టిన రెజిమెంటు అది. పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులకు ఎదురు నిలిచిన ఆ రోజుల్లో వాళ్ల చేతిలో ఉన్నవి రెండో ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్లే. అందుచేత నీ ట్యాంకు అద్దాల బీరువాలో బొమ్మగా కాక, మట్టిలో నడిచి నిలిచే యంత్రంగా ఉండాలని నేనూ కోరుకుంటున్నాను.

అయితే నీ డ్రాయింగుల్లో ఒక విషయం నన్ను కలవరపెట్టింది. నీ దగ్గరున్న పదహారో వంతు ట్యాంకు భాగాలనే అదే పద్ధతిలో పెద్దవి చేసి గీశావు. పదహారో వంతు నుంచి ఆరో వంతుకు వస్తే పొడవు రెండున్నర రెట్లకు కాస్త పైగా పెరుగుతుంది కానీ, అవే పదార్థాలు వాడితే బరువు దాదాపు పంతొమ్మిది రెట్లవుతుంది. ఆ బరువును మోసే షాఫ్టు, బోల్టు, పలకల అడ్డుకోత వైశాల్యం మాత్రం ఏడు రెట్లే పెరుగుతుంది. కనుక చిన్నదానిలో ఏళ్ల తరబడి నిలిచిన అమరిక పెద్దదానిలో ఒక్క పూటలో విరగవచ్చు. అసలు ట్యాంకు సుమారు 30 టన్నులు. ఆ లెక్కన ఆరో వంతు నమూనా 140 కిలోలు తూగాలి. నువ్వు 50 కిలోలు దాటనివ్వకు. బలం కోసమని అన్నిచోట్లా ఇనుము దిట్టంగా పెడితే ఆ ఇనుమును మోయడానికి మళ్లీ బలం కావలసివస్తుంది. బరువు ఏ దారిలో నేలకు దిగుతుందో, ట్రాకు (చక్రాల చుట్టూ తిరిగే లింకుల పట్టా) లాగుడు ఏ దారిలో పెట్టెకు చేరుతుందో గుర్తించి ఆ దారిని మాత్రమే గట్టిపరచు.

సుమారు 97 సెంటీమీటర్ల పొడవున్న కింది పెట్టెకు ఐఎస్ 710 ముద్ర ఉన్న 12 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ సరిపోతుంది. షెర్మన్‌కు ట్రాకును లాగే పళ్ల చక్రాలు, అంటే స్ప్రాకెట్లు ముందు, ట్రాకును బిగువుగా ఉంచే చక్రాలు, అంటే ఐడ్లర్లు వెనుక ఉంటాయి. బిగించిన ట్రాకు ఈ రెండింటినీ ఒకదాని వైపు ఒకటి లాగుతూనే ఉంటుంది కాబట్టి, పక్క గోడలను ముక్కలుగా అతకకుండా ముందు నుంచి వెనుక దాకా ఒకే పలకలో కోయించు. లోపలి వైపు పైనా కిందా 25 మి.మీ. అల్యూమినియం యాంగిల్‌ను పూర్తి పొడవునా బిగించు. ఇక మెలికపడడం సంగతి. ఒక పక్క బోగీ (బరువు మోసే చక్రాల జత, దాని స్ప్రింగులు) రాయి ఎక్కినప్పుడు పెట్టె మొత్తం మెలిపడుతుంది. మూత తీసిన చెప్పుల అట్టపెట్టెను రెండు చేతులతో మెలిపెట్టి, తరువాత మూత అంటించి మళ్లీ మెలిపెట్టి చూడు. తేడా నీకే తెలుస్తుంది. నీ డ్రాయింగులో పైభాగం పూర్తిగా తెరిచి ఉంది. లోపల రెండు అడ్డగోడలు నిలిపి, బ్యాటరీ తీయడానికి అవసరమైన మేరకే తెరిచి, మిగిలిన పైభాగాన్ని 3 మి.మీ. అల్యూమినియం రేకుతో బోల్టులు వేసి మూసెయ్యి. పై తొడుగు, టరెట్ (పైన తిరిగే ఫిరంగి గోపురం) కంటికి కనిపించే రూపం మాత్రమే. వాటిని పలుచటి ప్లైవుడ్‌తో తేలికగా చేసుకో.

బోగీలు పక్కకు మూడు చొప్పున ఆరు. నిలిచి ఉన్నప్పుడు ఒక్కోదాని మీద ఎనిమిది కిలోలే పడినా, గుంత దాటేటప్పుడు అంతకు మూడు నాలుగు రెట్లు ఒక్కదాని మీదే పడవచ్చు. బోల్టును నేరుగా ప్లైవుడ్‌కు బిగిస్తే వాషరు చుట్టూ ముందు రంగు సన్నటి వలయంలా పగులుతుంది, తరువాత రంధ్రం కోలగా సాగుతుంది, ఆ తరువాత బోగీ ఊగడం మొదలవుతుంది. అందుకే ప్రతి బోగీ వెనుక, గోడ లోపలి వైపు 3 మి.మీ. ఉక్కు పలక పెట్టి, 6 మి.మీ. బోల్టులు, నైలాక్ నట్లతో (వదులవకుండా లోపల నైలాన్ వలయం ఉన్నవి) ప్లైవుడ్‌ను బోగీకీ ఆ పలకకూ మధ్య బిగించాలి. స్ప్రింగులు ట్యాంకు సొంత బరువుకు తమ ప్రయాణంలో మూడో వంతు కుంగేలా ఎంచుకో. బొత్తిగా కుంగని స్ప్రింగు ప్రతి దెబ్బనూ నేరుగా గోడకు అందిస్తుంది.

నువ్వు గీసిన 12 మి.మీ. స్ప్రాకెట్ షాఫ్టును నేను ఒప్పుకోను. ఈఎన్-8 రకం ఉక్కుతో 20 మి.మీ. షాఫ్టు తిప్పించు, వంపును తట్టుకునే బలం నాలుగున్నర రెట్లు పెరుగుతుంది. దానికి 6204 బేరింగులు రెండు వాడి, స్ప్రాకెట్ గోడ నుంచి ఎంత బయటకు ఉంటుందో, ఆ రెండు బేరింగుల మధ్య కనీసం అంతకు రెట్టింపు దూరం ఉంచు. స్ప్రాకెట్‌ను గ్రబ్ స్క్రూతో (తల లేని చిన్న స్క్రూ) నిలపాలని చూడకు, అది జారి షాఫ్టును గీస్తుంది. 6 మి.మీ. కీ (షాఫ్టు గాడిలో కూర్చుని స్ప్రాకెట్‌ను జారనివ్వని ఉక్కు ముక్క) వేయించు. ట్రాకు లింకు పిచ్, అంటే ఒక పిన్ను నుంచి తరువాతి పిన్నుకు దూరం, అసలుదానికి ఆరు అంగుళాలు కనుక నీకు సరిగ్గా 25.4 మి.మీ. వస్తుంది. స్ప్రాకెట్‌కు 13 పళ్లు. ఒక చుట్టుకు 33 సెంటీమీటర్లు కదులుతుంది కాబట్టి, మనిషి నడక వేగానికి నిమిషానికి సుమారు 220 చుట్లు చాలు. ఈ-సైకిళ్లకు వాడే 24 వోల్టుల, 250 వాట్ల గేరు మోటార్లు రెండు తీసుకుని, చైను ద్వారా షాఫ్టుకు కలుపు. మోటారును నేరుగా షాఫ్టుకు బిగిస్తే ట్రాకు మీది ప్రతి దెబ్బా గేరు పళ్లకు తగులుతుంది.

ట్యాంకుకు అన్నిటికన్నా కష్టమైన పని మలుపు తిరగడం. ఒక ట్రాకు ముందుకు, మరొకటి వెనక్కు తిప్పి నిలిచిన చోటే గిర్రున తిప్పితే మోటార్ల మీద, షాఫ్టుల మీద, పిన్నుల మీద పడే ఒత్తిడి ఏటవాలు ఎక్కేటప్పటికన్నా తక్కువేమీ కాదు. అసలు షెర్మన్‌కు అలా తిరిగే వీలే లేదు. దాని డిఫరెన్షియల్ (రెండు ట్రాకులకూ శక్తిని పంచే గేర్ల అమరిక) మలుపు లోపలి వైపు ట్రాకును నెమ్మదింపజేయగలదు కానీ వెనక్కు తిప్పలేదు. రిమోటులో మిక్సింగును (రెండు మోటార్ల వేగాన్ని కలిపి నడిపే అమరికను) అలాగే అమర్చుకుంటే నడక నిజమైన షెర్మన్‌లా కనిపిస్తుంది, యంత్రానికీ ఆయుష్షు పెరుగుతుంది. ఇందులో మొహమాటపడి స్నేహితుల సరదా కోసం గిర్రున తిప్పకు.

విద్యుత్తు విషయంలో నాలుగు మాటలు చాలు. మోటారు బిగుసుకుపోయినప్పుడు తీసుకునే కరెంటు మామూలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కనుక, ఒక్కో వైపు 60 ఆంపియర్లు తట్టుకునే స్పీడ్ కంట్రోలర్ తీసుకో. ఫ్యూజును బ్యాటరీ టెర్మినల్ పక్కనే పెట్టు. సిగ్నల్ పోతే మోటార్లు ఆగేలా రిసీవరులో ఫెయిల్‌సేఫ్ అమర్చి, ట్యాంకును దిమ్మెల మీద ఎత్తిపెట్టి, రిమోటు ఆపేసి స్వయంగా చూడు. చేతికి అందేలా ఒక ఎర్ర స్విచ్చు వెనుక భాగంలో ఉండాలి. యాభై కిలోల యంత్రం చిన్నపిల్లల పాదాల మీదకు పోతే జరిగేది చిన్న దెబ్బ కాదు.

మొదటిసారి నడిపేటప్పుడు పై తొడుగు వేయకు. ప్రతి నట్టు మీద నుంచి పలక దాకా తెల్ల రంగుతో ఒక గీత గీసి, గడ్డి నేల మీద పావుగంట నడిపి చూడు. ఎక్కడ గీత విరిగితే అక్కడ నట్టు కదిలినట్టు. షాఫ్టులు మీ ఆటోనగర్‌లో తిప్పించే ముందు బేరింగు హౌసింగుల కొలతలు నాకు పంపు. కీ గాడి కోయించడం అక్కడ కుదరకపోతే ఇక్కడ బాలానగర్‌లో కోయించి, బస్సు పార్సిల్‌లో పంపిస్తాను.

ఇట్లు,
మీ మావయ్య