హై స్ట్రీట్‌లో తర్వాత మూతపడేది ఎవరో తెలిసినా, దాని మీద పందెం వేయవచ్చా?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాము. దేశమంతటా దుకాణాలున్న ఒక పాత రిటైల్ సంస్థ ప్రధాన కార్యాలయంలో మూడేళ్లుగా స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. పన్ను పడని పెట్టుబడి ఖాతా అయిన నా స్టాక్స్ అండ్ షేర్స్ ఐసాలో 14,000 పౌండ్లున్నాయి. అందులో 6,000 మా సంస్థ షేర్లు, మిగతావి మరో రెండు రిటైల్ సంస్థలవి. ఇవి కాక జీతంలోంచి నెలకు 250 పౌండ్లు, తగ్గింపు ధరకు సంస్థ షేర్లు కొనే హక్కునిచ్చే షేర్‌సేవ్ పొదుపు పథకానికి వెళుతున్నాయి. హై స్ట్రీట్‌లో, అంటే ఊళ్ల ప్రధాన దుకాణాల వీధుల్లో, తర్వాత పడిపోతాయనిపించే ఐదు సంస్థలతో, జెడ్ స్కోరు అనే దివాలా అంచనా సూత్రాన్ని కూడా వాడి, కారణాలతో సహా ఒక జాబితా తయారు చేసుకున్నాను. షేర్లు కొనకుండానే వాటి ధర హెచ్చుతగ్గుల మీద పందెం వేసే స్ప్రెడ్ బెట్టింగ్ ఖాతాను 3,000 పౌండ్లతో తెరిచి, వాటి షేర్లు పడతాయని పందెం వేయవచ్చా? నా భార్య ఈ మధ్యే సోఫా కోసం 900 పౌండ్లు అడ్వాన్సు కట్టిన దుకాణం కూడా ఆ జాబితాలో ఉంది.

జవాబు: మీ జాబితాను శ్రద్ధగా చదివాను. ఇంకా నడుస్తున్న సంస్థలను పడిపోయేవాటిగా పేరు పెట్టి చెప్పడం న్యాయం కాదు కనుక ఆ పేర్లను ఇక్కడ రాయడం లేదు. వాటిని ఎంచుకోవడానికి మీరు చూపిన కారణాలు మాత్రం తీసిపారేయదగినవి కావు. ఏ దుకాణం నీరసించిందో బయటి మనిషి కూడా చాలావరకు పసిగట్టగలడు. అది ఎప్పుడు పడుతుంది, ఏ రూపంలో పడుతుంది, పడినప్పుడు ఎవరి డబ్బు పోతుంది అన్నవి వేరే ప్రశ్నలు, పందెంలో గెలుపోటములను తేల్చేవి అవే. పైగా ఆ పందెంలో మీరు గెలవగలిగే మొత్తం కన్నా, మీ సొంత సంస్థ కష్టాల్లో పడితే మీ ఇంటికి కలిగే నష్టం ఎన్నో రెట్లు పెద్దది. కాబట్టి నా జవాబులో ఎక్కువ భాగం మీ జాబితాలో లేని ఆ సంస్థ గురించే.

ముందుగా పందెం సంగతి చూద్దాం. కూలిన పెద్ద పేర్లలో చాలావాటికి స్టాక్ మార్కెట్‌లో షేర్లే లేవు. 2016లో మూతపడి 11,000 మంది ఉద్యోగాలను బలిగొన్న బీహెచ్ఎస్ ప్రైవేటు సంస్థ. 2020 నవంబరులో అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలా నిర్వాహకుల చేతుల్లోకి, వెళ్లిన ఆర్కేడియా, అంటే టాప్‌షాప్ యజమాని, గ్రీన్ కుటుంబానిది. 2023 ఆగస్టులో 400 దుకాణాలతో, 12,500 మంది సిబ్బందితో కుప్పకూలిన విల్కో కూడా ఒక కుటుంబ సంస్థే. ఆ ఏడాది విల్కో అరలు ఖాళీగా కనబడుతున్న విషయం సరుకులకు వెళ్లినవారందరికీ తెలుసు, కానీ ఆ తెలివిడిని సొమ్ము చేసుకునే మార్గం ఎవరికీ లేదు. పౌండ్‌ల్యాండ్‌ను 2025 జూన్‌లో మాతృసంస్థ పెప్కో ఒక్క పౌండుకు అమ్మివేసింది. దుకాణాల భారం దిగిపోయిన తర్వాత కూడా పెప్కో షేర్లు మార్కెట్‌లోనే ఉన్నాయి. అలాగే డబ్ల్యూహెచ్ స్మిత్ అదే ఏడాది తన హై స్ట్రీట్ దుకాణాలను వదిలించుకొని, విమానాశ్రయాల్లో, రైల్వే స్టేషన్లలో, ఆసుపత్రుల్లో ఉన్న వ్యాపారాన్ని తన దగ్గరే ఉంచుకుంది. బోర్డు మాయమైనంత మాత్రాన షేరు సున్నా కావాలని లేదు.

షేర్లున్న సంస్థల విషయంలోనూ కాలాన్ని అంచనా వేయడం నిపుణులకే చేతకాలేదు. డెబెనామ్స్‌నే తీసుకోండి. 2005లో అది తన 23 దుకాణాల భవనాలను దాదాపు 49.5 కోట్ల పౌండ్లకు అమ్మి, వాటినే దీర్ఘకాలపు అద్దెకు తీసుకుంది. మరుసటి ఏడాది షేరు 195 పెన్నీల ధరతో మార్కెట్‌కు వచ్చింది. భవనాలు అమ్మిన డబ్బు పోయింది, అద్దె మాత్రం మిగిలింది. ఈ బలహీనత ఏళ్ల తరబడి అందరికీ కనబడుతూనే ఉన్నా సంస్థ 2019 ఏప్రిల్ దాకా నిలబడింది. దుకాణాలు పూర్తిగా మూతపడేసరికి 2021 మే వచ్చింది. మధ్యలో 2018లో లాభాలు తగ్గుతాయన్న హెచ్చరికలు వరుసగా వచ్చాయి, ఆ ఏడాది 49 కోట్ల పౌండ్లకు పైగా నష్టాన్ని ప్రకటించింది. ఇన్ని సంకేతాల నడుమ బ్రిటన్ రిటైల్ రంగాన్ని లోపలినుంచి ఎరిగిన మైక్ యాష్లీ సంస్థ స్పోర్ట్స్ డైరెక్ట్ అందులో 30 శాతానికి దగ్గరగా వాటా కూడబెట్టుకుంది. అప్పులిచ్చినవారు సంస్థను చేతుల్లోకి తీసుకున్న రోజున ఆ వాటా విలువ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది.

దీనికి పూర్తిగా ఎదురు కథ మార్క్స్ అండ్ స్పెన్సర్‌ది. 2019 సెప్టెంబరులో అది లండన్ మార్కెట్‌లోని వంద అతిపెద్ద సంస్థల ఎఫ్‌టీఎస్ఈ 100 సూచీ నుంచి జారిపోయింది, 2020లో షేరు ఒక పౌండు కన్నా దిగువకు వచ్చింది. ఆ రోజుల్లో మీలాంటి జాబితా ఎవరు తయారు చేసినా దాని పేరు రాసి ఉండేవారనే నా అభిప్రాయం. 2023లో అది తిరిగి ఆ సూచీలో చేరింది, 2024లో షేరు మూడు పౌండ్లు దాటింది. పడుతుందని దాని మీద పందెం వేసినవారి పరిస్థితి ఊహించుకోండి.

స్ప్రెడ్ బెట్టింగ్ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి. బ్రిటన్‌లో సాధారణ మదుపరులు ఒక సంస్థ షేర్ల మీద వేసే పందానికి కనీసం 20 శాతం మార్జిన్, అంటే హామీ సొమ్ము, కట్టాలి కనుక, మీ 3,000 పౌండ్లతో 15,000 పౌండ్ల విలువ మేరకు పందెం వేయవచ్చు. అయితే ఖాతాలోని సొమ్ము ఆ మార్జిన్‌లో సగానికి తగ్గితే, బ్రోకరు మీ పందాన్ని మూసివేయాలన్నది నియమం. షేరు 10 శాతం పెరిగిందంటే మీకు 1,500 పౌండ్లు పోయి సరిగ్గా ఆ గీత దగ్గరకు వస్తారు. కష్టాల్లో ఉన్న సంస్థను ఎవరో కొనబోతున్నారన్న పుకారు చాలు, షేరు ఒక్క ఉదయంలో 10 శాతం ఎగరడానికి. ఆరు నెలల తర్వాత ఆ సంస్థ నిజంగానే దివాలా తీసినా, మీ అంచనా అక్షరాలా నిజమైనా, అప్పటికి మీ పందెం బతికి ఉండదు. ఈ ఖాతాలున్న మదుపరుల్లో ఎంత శాతం నష్టపోతున్నారో ప్రతి బ్రోకరు తన ప్రకటనలోనే చూపాలని నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ ఆదేశించింది. ఖాతా తెరిచే ముందు ఆ అంకెను చదవండి.

ఇంకొక సంగతి మీరు అడగలేదు కానీ చెప్పక తప్పదు. ప్రధాన కార్యాలయపు ఐటీ విభాగంలో ఉన్నవారికి అమ్మకాల అంకెలు, మూసే దుకాణాల వివరాలు, సరఫరాదారుల బకాయిలు బయటివారికన్నా ముందే కంటబడవచ్చు. బహిరంగం కాని అటువంటి సమాచారంతో మీ సంస్థ షేర్లు అమ్మినా, దాని మీద గానీ, ఆ సమాచారం వర్తించే మరో సంస్థ మీద గానీ పందెం వేసినా అది నేరమవుతుంది, స్ప్రెడ్ బెట్టింగ్‌కూ ఈ చట్టం వర్తిస్తుంది. నేను కింద షేర్లు అమ్మమని చెప్పబోతున్నాను కాబట్టి, ముందుగా మీ సంస్థలో షేర్ల లావాదేవీల నియమావళి ఏమంటున్నదో కంపెనీ సెక్రటరీ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

ఇక సంకేతాల విషయం. పందెం కోసం కాకపోయినా, మీ ఉద్యోగం కోసం ఇవి మీకు తెలిసి ఉండాలి. హై స్ట్రీట్ వ్యాపారం ఎంత పలుచటి లాభం మీద నడుస్తుందో ఒక ఊహాజనితమైన లెక్కతో చెబుతాను. 100 పౌండ్ల అమ్మకంలో సరుకు ఖరీదు 55, జీతాలు 18, అద్దె, బిజినెస్ రేట్లు (వ్యాపార భవనాల మీద పన్ను) కలిపి 15, ఇతర ఖర్చులు 8 పోగా మిగిలేది 4 పౌండ్లు. అమ్మకం 8 శాతం తగ్గి 92కు వచ్చిందనుకోండి. సరుకు ఖరీదు 50.60కు తగ్గుతుంది కానీ, మిగతా 41 పౌండ్ల ఖర్చు దాదాపు అలాగే ఉంటుంది, మిగిలేది 40 పెన్నీలు. దుకాణానికి వచ్చే పన్నెండు మందిలో ఒకరు ఆన్‌లైన్‌కు మళ్లినా ఏడాది లాభం ఆవిరైపోతుందన్నమాట. ఖర్చుల వైపు కూడా భారం పెరిగింది. 2025 ఏప్రిల్‌లో కనీస వేతనం గంటకు 11.44 నుంచి 12.21 పౌండ్లకు చేరింది. సిబ్బంది జీతాల మీద యజమాని ప్రభుత్వానికి కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ 13.8 నుంచి 15 శాతమైంది, అది మొదలయ్యే వార్షిక జీతం 9,100 నుంచి 5,000 పౌండ్లకు దిగింది. పార్ట్‌టైమ్ సిబ్బంది ఎక్కువగా ఉండే దుకాణాలకు ఈ చివరి మార్పే ఎక్కువ బరువు.

లాభం తగ్గిన సంస్థ వెంటనే పడిపోదు, చేతిలో నగదు అయిపోయిన రోజున పడిపోతుంది. ఇంగ్లండ్‌లో దుకాణాల అద్దెలు సంప్రదాయంగా మార్చి 25, జూన్ 24, సెప్టెంబరు 29, డిసెంబరు 25 తేదీల్లో, రాబోయే మూడు నెలలకు కలిపి ముందుగానే కట్టాలి. అందుకే ఆ తేదీల ముందు వారాలు, క్రిస్మస్ అమ్మకాల లెక్క తేలే జనవరి, ఈ రంగంలో గండాలు. అంతకన్నా ముఖ్యమైనది సరఫరాదారుల అరువు. సరుకు పంపినవారు తమ బకాయి మునిగిపోకుండా ట్రేడ్ క్రెడిట్ బీమా తీసుకుంటారు. ఒక దుకాణం మీద బీమా సంస్థ ఆ రక్షణను ఉపసంహరించిందంటే సరఫరాదారులు ముందే డబ్బు అడుగుతారు, చేతిలో ఉన్న నగదు కరిగిపోతుంది, అరలు ఖాళీ అవుతాయి. 800కు పైగా దుకాణాలున్న వూల్‌వర్త్స్ 2008 నవంబరులో పడిపోవడానికి ముందు జరిగిన వాటిలో ఇది ఒకటి.

ఎడ్వర్డ్ ఆల్ట్‌మన్ 1968లో రూపొందించిన జెడ్ స్కోరును మీరు వాడినట్లు రాశారు. అది తయారీ సంస్థల లెక్కల మీద కట్టిన సూత్రం. అద్దె భవనాలతో నడిచే దుకాణాలకు దానిని యథాతథంగా వర్తింపజేస్తే, 2019లో మారిన అకౌంటింగ్ నియమాల వల్ల అద్దె ఒప్పందాలు కూడా అప్పుల పద్దులో కనబడి, ఆరోగ్యంగా ఉన్న సంస్థలు సైతం రోగుల్లా కనిపించవచ్చు. నా మటుకు నేను, సంస్థలను నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం కంపెనీస్ హౌస్‌లో ఉచితంగా దొరికే పత్రాలనే ఎక్కువ నమ్ముతాను. వార్షిక లెక్కలు గడువు దాటాయా, కొత్త రుణదాత పేరుతో ఆస్తుల మీద తాకట్టు నమోదయిందా, సంస్థ కొనసాగడంపై గణనీయమైన అనిశ్చితి ఉందని ఆడిటర్ల నివేదిక చెబుతున్నదా అన్న మూడు విషయాలు చూడండి. మీ యజమాని గురించి ఈ పని ఏడాదికి రెండుసార్లు చేయండి.

ఇప్పుడు మీ ఇంటి లెక్క. మీ జీతం, మీ వీసా, మీ ఐసాలో 6,000 పౌండ్లు ఒకే సంస్థ మీద ఆధారపడి ఉన్నాయి, ఐసాలోని మిగతా 8,000 కూడా అదే రంగంలో ఉన్నాయి. సంస్థ దివాలా తీస్తే తాకట్టు పెట్టుకున్న రుణదాతలు, అడ్మినిస్ట్రేటర్ల ఖర్చులు, సిబ్బంది బకాయిల్లో కొంత భాగం, పన్నుల శాఖ, సరఫరాదారులు అయిన తర్వాత చిట్టచివరన షేర్‌హోల్డర్ల వంతు వస్తుంది, సాధారణంగా వారికి మిగిలేది ఏమీ ఉండదు. ఐసాలో వచ్చిన నష్టాన్ని మరో లాభంతో సర్దుబాటు చేసుకునే వీలు కూడా లేదు. నియమావళి అనుమతిస్తే మీ సంస్థ షేర్లను పూర్తిగా అమ్మివేసి, మిగతా రెండింటితో సహా ఆ మొత్తాన్ని ఐసాలోనే ఉంచి, ప్రపంచమంతటా విస్తరించిన తక్కువ ఖర్చు ఇండెక్స్ ఫండ్‌లోకి మార్చండి. ఐసా లోపల అమ్మకంపై పన్ను పడదు.

షేర్‌సేవ్‌ను మాత్రం ఆపవద్దు. ఆ నెలవారీ సొమ్ము షేర్లలో కాకుండా బ్యాంకు పొదుపు ఖాతాలో ఉంటుంది, ఒక్కో బ్యాంకులో 1,20,000 పౌండ్ల దాకా డిపాజిట్లకు ఉన్న ఎఫ్‌ఎస్‌సీఎస్ (డిపాజిట్ల పరిహార పథకం) రక్షణ దానికీ వర్తిస్తుంది. సంస్థ పడిపోతే తగ్గింపు ధరకు షేర్లు కొనే హక్కు పోతుంది, కట్టిన డబ్బు తిరిగి వస్తుంది. మీ వర్క్‌ప్లేస్ పెన్షన్ కూడా సంస్థ ఆస్తులతో కలవకుండా విడిగా ఉంటుంది కనుక దాని గురించి బెంగ అవసరం లేదు.

వీసా వేరే సంగతి. స్పాన్సర్ చేస్తున్న ఉద్యోగం పోతే హోం ఆఫీసు సాధారణంగా 60 రోజుల గడువిస్తుంది. మీకు రెండేళ్ల సర్వీసు నిండింది కనుక సంస్థ చెల్లించలేని స్థితిలో ఉన్నా ఉద్యోగం రద్దయినందుకు ఇచ్చే చట్టబద్ధమైన రిడండెన్సీ పరిహారం ప్రభుత్వ నిధి నుంచి వస్తుంది, కానీ అది చేతికి రావడానికి వారాలు పడుతుంది. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నట్టు, స్ప్రెడ్ బెట్టింగ్‌కు అనుకున్న 3,000 పౌండ్లను సులువుగా తీసుకోగల పొదుపు ఖాతాలో వేసి, దానిని ఆరు నెలల ఇంటి ఖర్చుకు, కుటుంబమంతటికీ ఇండియా టికెట్లకు సరిపడే మొత్తం దాకా పెంచండి. సంస్థను మరొకరు కొన్నట్లయితే కొత్త యజమానికి స్పాన్సర్ లైసెన్సు ఉందా లేదా అన్నది మొదటి రోజే అడగవలసిన ప్రశ్న, ఆ దశలో ఒక ఇమిగ్రేషన్ న్యాయవాదికి ఫీజు కట్టడానికి వెనుకాడవద్దు.

సోఫా అడ్వాన్సును మీ భార్య క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. వస్తువు ధర 100 పౌండ్లకు పైబడి 30,000 లోపు ఉన్నప్పుడు, అందులో కొంత భాగమే కార్డుతో కట్టినా, 1974 నాటి కన్జ్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షన్ కింద కార్డు సంస్థ దుకాణంతో సమానంగా బాధ్యత వహిస్తుంది. డెబిట్ కార్డుతో కట్టి ఉంటే చార్జ్‌బ్యాక్, అంటే ఆ చెల్లింపును వెనక్కి తెప్పించమని, బ్యాంకును అడగవచ్చు, కానీ దానికి చట్టం అండ లేదు, గడువు కూడా ఉంటుంది. నేరుగా ఖాతాకు బదిలీ చేసి ఉంటే ఆ 900 పౌండ్లకు మీరు తాకట్టు లేని రుణదాతల వరుసలో నిలబడవలసిందే. అదే జరిగి ఉంటే, డెలివరీ తేదీని రాతపూర్వకంగా తీసుకొని, మిగతా మొత్తాన్ని సోఫా ఇంటికి రాబోయే ముందు మాత్రమే, క్రెడిట్ కార్డుతోనే చెల్లిస్తామని దుకాణానికి చెప్పండి.