పెన్ ఎ వాన్ కొండకు చీరతో వెళ్ళొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి వాళ్ళు బ్రిటన్‌లో, వేల్స్‌లోని కార్డిఫ్‌లో ఉంటారు. జూన్‌లో వెళ్తున్నాను. తను చేరిన నడక క్లబ్బు వాళ్ళు ఒక ఆదివారం పెన్ ఎ వాన్ అనే కొండ ఎక్కుతారట, నన్నూ రమ్మంటోంది. నాకు 61. రెండేళ్ళ కిందట అలిపిరి మెట్లెక్కాను గానీ దిగేటప్పుడు మోకాళ్ళు పట్టేశాయి. ఎండంటే మాకు భయం లేదు. చీరతో ఎక్కొచ్చా? నా వల్ల అందరూ ఆగాల్సి వస్తుందేమోనని బెంగ.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తప్పకుండా వెళ్ళండి. కానీ ‘ఎండంటే భయం లేదు’ అన్నారు చూడండి, నాకు అక్కడే భయం వేసింది.

నేనూ అలాగే అన్నాను. కార్డిఫ్ వెళ్ళిన రెండో వేసవిలో, ఇదే కొండ దగ్గర. క్లబ్బులో ఒక పెద్దావిడ ఎండ క్రీము ట్యూబు చేతిలో పెట్టబోతే, “మాది బెజవాడమ్మా, రోళ్ళు పగిలే ఎండలు చూశాం” అని నవ్వి తిప్పి ఇచ్చేశాను. పైన చల్లటి గాలి. పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది, ఒళ్ళు కాలుతోందని తెలియనే తెలియదు. రాత్రికి ముడికీ జాకెట్టుకీ మధ్య మెడ మీద చెయ్యి పెట్టనిస్తే ఒట్టు. పెరుగు రాసుకుని మూడు రోజులు బోర్లా పడుకున్నాను. మా వారికి ఇప్పటికీ అదో వేళాకోళం.

అలిపిరి దారిలో చాలా దూరం పైన కప్పు ఉంటుంది, అడుగడుగునా ఏదో ఒక కొట్టు. ఇక్కడ గడ్డి, రాళ్ళు, గొర్రెలు తప్ప నీడకు ఒక్క చెట్టు దొరకదు. 2013 జులైలో ఈ కొండల్లోనే సైనిక ఎంపిక నడకకు వచ్చిన ముగ్గురు కుర్రాళ్ళు వడదెబ్బకు చనిపోయారు. వాళ్ళు మోసిన బరువులు మీకుండవు లెండి. అయినా అంచున్న టోపీ, మెడకు క్రీము, రెండు లీటర్ల నీళ్ళు మర్చిపోకండి. నేనైతే ఒక సీసాలో ఉప్పేసిన నిమ్మకాయ నీళ్ళు పట్టుకెళ్తాను.

కొండ ఎత్తు 886 మీటర్లు, దక్షిణ వేల్స్‌లో ఇదే పెద్దది. అంకె చూసి జంకకండి. పాంట్ ఆర్ డావ్ దగ్గర కార్లు ఆపే చోటే బాగా ఎత్తులో ఉంటుంది, మీరు ఎక్కేది సుమారు సగమే. పోనూ రానూ ఆరేడు కిలోమీటర్లు, రాళ్ళు పరిచిన దారి. బాత్రూమ్ పని అక్కడే ముగించుకోండి, పైన ఏమీ లేదు.

చీర వద్దు. సిగ్గు గురించి కాదు, శిఖరం మీద గాలి కుచ్చిళ్ళను కాళ్ళకు చుట్టేస్తుంది. ఉత్తరం వైపు నిట్టనిలువు లోయ. ఎండ కాసిన ఆదివారం అక్కడి బోర్డు పక్కన ఫొటోకి క్యూ కడతారు. మీరూ నిలబడండి గానీ ‘ఇంకొంచెం వెనక్కి’ అని ఎవరన్నా వెనక్కి జరగకండి. చుడీదారు వేసుకోండి, పట్టున్న బూట్లు తొడుక్కోండి, ముందు రోజు కాలి గోళ్ళు తీసుకోండి. దిగేటప్పుడు వేళ్ళు బూటు ముందుకి గుద్దుకుంటాయి.

మోకాళ్ళకి అసలు పరీక్ష దిగుడే, అది మీకు అలిపిరిలోనే తెలిసింది. అమ్మాయిని రెండు చేతికర్రలు అడిగి తెమ్మనండి. కర్ర ముందు, కాలు తర్వాత, అడుగులు చిన్నవి. బయల్దేరే ముందు నాయకుడికి మీ మోకాళ్ళ సంగతి చెప్పేయండి. మా క్లబ్బులో అందరికన్నా వెనక నడవడానికి ఒకరిని ప్రత్యేకంగా పెడతారు, మీ వాళ్ళలో ఎవరో కనుక్కోండి. ఆ మనిషి పనే నెమ్మదిగా నడిచేవాళ్ళతో నడవడం, కాబట్టి ఆ బెంగ మానేయండి. నేను మూడుసార్లు సగం నుంచే తిరిగొచ్చాను. గడ్డిలో కూర్చుని, ఎక్కడుందో కనపడకుండా ఆకాశంలోంచి కూసే భరతపక్షిని వింటూ ఉండిపోయాను.

పులిహోర పట్టుకెళ్ళండి. చేతిలో వెల్ష్ కేకు పెడతారు, పెనం మీద కాల్చిన బిళ్ళంత కేకు, ఎండుద్రాక్ష వేసి. మీరు శాకాహారులైతే తినేముందు అడగండి: గుడ్డు వేస్తారు, పాత పద్ధతిలో పంది కొవ్వు కూడా. మొహమాటపడకండి, వాళ్ళేమీ అనుకోరు. మీ పులిహోరలో పల్లీలు ఉన్నాయని మీరూ ముందే చెప్పాలి. పల్లీలు పడనివాళ్ళు గుంపులో ఒకరైనా ఉంటారు, నేను రెండోసారి నుంచి జీడిపప్పు కూడా మానేసి పోపు గింజలతో సరిపెట్టాను.