బర్రెకి మనుషుల నొప్పి సూది వేస్తే ఏమవుతుంది?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. నేను బెజ్జూర్ వైపు ఒక పశువుల క్లినిక్‌లో హెల్పర్‌గా చేస్తున్నా, మందుల అల్మారా చూసుకునేది నేనే. నొప్పి మందు డైక్లోఫెనాక్ (డైక్లో) పెద్ద సీసాలు దొరకట్లేదని రైతులు మెడికల్ షాపులో మనుషులవి 3 ఎంఎల్ వయల్స్ ఐదారు తెచ్చి కలిపి వేయమంటున్నారు. బర్రెకి ఏం కావట్లేదు కదా, మరి ఎందుకు వద్దంటారు? దాని బదులు వాడమనే మెలాక్సికామ్ సరిగ్గా పనిచేయదంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, ఆసిఫాబాద్ జిల్లా

జవాబు: బర్రె సంగతి కాదండీ, సమస్య రాబందులది. సూది వేసిన రెండు రోజుల్లో పశువు చచ్చిపోతే ఆ కళేబరం తిన్న రాబందుకి కిడ్నీలు దెబ్బతిని, యూరిక్ యాసిడ్ బయటికి పోక గుండె మీదా లివర్ మీదా సున్నం పూసినట్టు తెల్లగా పేరుకుపోయి, పక్షి కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుంది. దేశంలో నూటికి తొంభైకి పైగా రాబందులు పోయింది ప్రధానంగా దీనివల్లే. 2006లో పశువులకి డైక్లోఫెనాక్ ఆపేశారు, అయినా మనుషుల పెద్ద సీసాలు పశువులకే పోతున్నాయని 2015లో ఆ ఇంజెక్షన్‌ని 3 ఎంఎల్‌కి కుదించారు. చిన్న వయల్ వచ్చిందే ఈ పని ఆపడానికి, మళ్ళీ ఐదారు కలిపి వేస్తే ఎలా చెప్పండి. పైగా మీ బెజ్జూర్ అడవిలోని పాలరాపు గుట్ట మీదే కదా పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టింది!

అసిక్లోఫెనాక్ అనే నొప్పి మందు కూడా వద్దు, అది పశువు ఒంట్లోకి వెళ్ళాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. దాన్నీ కీటోప్రొఫెన్‌నీ 2023లో, నిమెసులైడ్‌ని 2024 చివర్లో పశువులకి నిషేధించారు. రాబందులకి హాని లేనివి మెలాక్సికామ్, టోల్ఫెనమిక్ యాసిడ్.

మెలాక్సికామ్ పనిచేయదనే మాట నేనూ వింటుంటాను, చాలాసార్లు అసలు సంగతి డోసు చాలకపోవడమే. కిలోకి 0.5 మిల్లీగ్రాములు, అంటే 300 కిలోల బర్రెకి 150 మిల్లీగ్రాములు కావాలి. ఎంఎల్‌కి 5 మిల్లీగ్రాములుండే సీసా అయితే 30 ఎంఎల్ పడుతుంది, 20 మిల్లీగ్రాములదైతే 7.5 ఎంఎల్ చాలు. ఈ రెండూ ఒకే అరలో పక్కపక్కనే ఉన్నాయనుకోండి, హడావిడిలో 5 మిల్లీగ్రాముల సీసాలోంచి 7.5 ఎంఎల్ లాగితే బర్రెకి పడేది నాలుగో వంతు, నొప్పి ఎలా తగ్గుతుంది? అదే 20 మిల్లీగ్రాముల సీసాలోంచి 30 ఎంఎల్ లాగితే నాలుగు రెట్లు పడుతుంది, అది ఇంకా ప్రమాదం. రెండిటికీ వేరే వేరే అరలు పెట్టి సీసా మీద మార్కర్‌తో పెద్దగా 5, 20 అని రాసేయండి, బరువు కంటి అంచనాతో కాకుండా ఛాతీకి టేపు పెట్టి చూడమనండి, డోసు మాత్రం డాక్టర్ గారు రాసిందే.

అల్మారాలో పాత డైక్లో ఉంటే ఈరోజే తీసి విడిగా తాళం వేసి, రిజిస్టర్‌లో రాసి డాక్టర్ గారికి అప్పగించండి, చెత్తలోనో కాలువలోనో పారేయకండి. పాడి బర్రె అయితే లేబుల్ మీద ఎన్ని రోజులు పాలు అమ్మకూడదని ఉందో రైతుకి చీటీ మీద రాసివ్వండి, నోటిమాటగా చెప్తే సాయంత్రానికే మర్చిపోతారు.