బ్యాగు జిప్పుకి తాళం వేస్తే విదేశాల్లో సామాను భద్రమేనా?

కాదు, జిప్పుకి వేసే చిన్న తాళం దొంగను ఆపదు. పాస్‌పోర్టు, డబ్బు ఒంటిమీద ఉంటేనే భద్రం. లోపం జిప్పులోనే ఉంది. చాలా బ్యాగులకు ఉండేది నైలాన్ చుట్ట జిప్పు. బాల్‌పెన్ మొనతో గట్టిగా పొడిస్తే దాని పళ్ళు విడిపోతాయి. తర్వాత తాళం వేసి ఉన్న రన్నర్లనే ఆ చివర నుంచి ఈ చివరకు లాగితే మళ్ళీ మూసుకుంటాయి. తీసిన ఆనవాలే మిగలదు, అసలు ప్రమాదం అదే.

విశాఖ నుంచి సింగపూర్ మీదుగా థాయిలాండ్ వెళ్ళి హాస్టల్ డార్మిటరీలో దిగారనుకోండి. తాళం వేసిన బ్యాగును మంచం కింద తోసేకన్నా, విలువైనవి అక్కడి లాకర్లో పెట్టుకోవాలి. చాలాచోట్ల లాకరు వాళ్ళది, తాళం మనది. అందుకే గట్టి తాళం ఒకటి పూర్ణా మార్కెట్లోనే కొనుక్కుని బయల్దేరండి.

‘టీఎస్ఏ’ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) గుర్తున్న తాళమైతే ఎవరూ తీయలేరని చాలామంది నమ్ముతారు. అది అమెరికా విమానాశ్రయాల తనిఖీ సిబ్బంది పగలగొట్టకుండా మాస్టర్ తాళంచెవితో తీసేందుకు చేసినది. ఆ తాళంచెవులకు త్రీడీ ప్రింటర్‌తో నకళ్ళు చేసుకునే ఫైళ్ళు 2015లోనే ఇంటర్నెట్‌లోకి వచ్చేశాయి.