సమాధానం: బీజింగ్‌లో ఉన్నా చైనీస్ మాట్లాడటం రాకపోతే

బీజింగ్‌లో చైనీస్ చదువుతున్న మీరు, తరగతిలో మంచి మార్కులు వస్తున్నా బయట దుకాణదారు మాట అర్థం కావడం లేదని, హాస్టల్‌లో విదేశీ విద్యార్థులందరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటున్నారని రాశారు. లోపం మీ తెలివిలో లేదు, మీ బసలో ఉంది. వీలైతే వచ్చే సెమిస్టరుకు చైనా విద్యార్థి రూమ్‌మేట్‌గా ఉండే ఏర్పాటు కోరండి. అది కుదరకపోతే, అమెరికాలోని మిడ్‌బరీ వేసవి భాషా పాఠశాలల్లో నేర్చుకునే భాష తప్ప మరొకటి మాట్లాడబోమని విద్యార్థులు సంతకం చేసే ప్రతిజ్ఞ వంటిది ఒకరిద్దరు సహాధ్యాయులతో కలిసి పెట్టుకుని, కనీసం భోజన వేళల్లోనైనా చైనీస్ తప్ప మరో భాష మాట్లాడకండి.

బీజింగ్‌వాసులు చాలా పదాల చివర నాలుక మడిచి 'ర్' చేరుస్తారు. 'ఎక్కడ' అనడానికి 'నాలీ' అని నేర్చుకున్నవారికి అక్కడ 'నార్' అని వినిపిస్తుంది. అందుకే రోజూ ఒకే టిఫిన్ దుకాణానికి వెళ్లండి. అదే గొంతును పదేపదే వింటే చెవి అలవాటు పడుతుంది. వీచాట్ అనే ఫోన్ యాప్‌తో డబ్బు కట్టేటప్పుడు ధర పట్టికను చూడకుండా, చెప్పిన ధరను విని మీరే అంకె నొక్కండి.

చైనీస్ హల్లుల్లోనూ క, ఖ వంటి తేడాయే ఉంటుంది; అది పలకగల మనకు హల్లుల కన్నా టోన్‌లే, అంటే పదం అర్థాన్ని మార్చే గొంతు హెచ్చుతగ్గులే, కష్టం. కాబట్టి రోజూ కొన్ని వాక్యాలు రికార్డు చేసి టీచరుకు వినిపించి, మొహమాటపడకుండా దిద్దమని అడగండి.