అడగండి చెప్తా: మేడమ్‌కి చెప్తానని పిల్లల్ని బెదిరించకండి

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లలో సగానికి పైగా చిన్నపిల్లల బడి గురించే, అందులోనూ ఒకటి నుంచి ఐదో తరగతి లోపు పిల్లలవి. జూన్ 12 అటూ ఇటూగా బడులు తెరిచారంటే ప్రతి ఏడాదీ ఇదే వరస, నాకు అలవాటే. కానీ ఈ ఉత్తరాలన్నీ ఒకే చోట తిరుగుతున్నాయి, పిల్లలకి టీచర్ అలవాటవడం దగ్గర. అందుకని కలిపి వేస్తున్నా.

ప్ర: మా బాబు ఈ ఏడాదే ఒకటో తరగతిలో చేరాడు. ఇంట్లో వాడి నోరు మూతపడదు, బడిలో మాత్రం ఒక్క ముక్క మాట్లాడడట. హాజరు పిలిచినా పక్కవాడే పలుకుతాడట. మీ మేడమ్ పేరేంట్రా అంటే 'మేడమ్' అంటాడు. అన్నం తినకపోతే మీ మేడమ్‌కి చెప్తా అంటే మాత్రం గబగబా తినేస్తాడు. వీడికేమైనా సమస్య ఉందంటారా? – ఒక తల్లి, నంద్యాల

జ: అమ్మా, ఆ అన్నం సంగతి దగ్గరే ఆగుదాం. మీ వాడికి ఆ మేడమ్ ఎవరో సరిగ్గా తెలియకముందే మీరు ఆవిడని ఇంట్లో బూచిని చేసి కూర్చోబెట్టారు, వాడేమో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ బూచి ఎదురుగా కూర్చోవాలి. తినకపోతే చెప్తా, ఫోన్ ఇవ్వకపోతే చెప్తా, పడుకోకపోతే చెప్తా అని రోజూ వింటున్నవాడికి తను చేసిన అల్లరంతా ఆవిడకి తెలిసిపోయిందనే ఉంటుంది, ఇంక ఆవిడ ముందు నోరెలా విప్పుతాడు చెప్పండి? నేను ఒకటో తరగతి చెప్పే రోజుల్లో జూన్ నెలంతా ఇదే చూశాను, గుమ్మం దగ్గర నిలబడి నా వైపు వేలు చూపించి "అదిగో, ఆ టీచర్ కొడుతుంది, ఏడవకు" అని పిల్లాడి చెవిలో చెప్పి వెళ్లిపోయేవాళ్లు, ఆ పిల్లాడు నా పక్కకి వచ్చి కూర్చునేసరికి దసరా సెలవులు వచ్చేవి. (కొట్టకపోయినా కొట్టే టీచర్ అని పేరు.)

ఆ బెదిరింపు ఇవాళే ఆపేయండి. దానికి బదులు ఇంట్లో మేడమ్ గురించి మామూలుగా, మన పక్కింటావిడ గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడండి: ఆవిడ పేరేంటి, ఏ ఊరి నుంచి వస్తారు, బస్సా స్కూటీనా, ఆవిడకీ పిల్లలున్నారా, వాళ్లేం చదువుతున్నారు. ఇవన్నీ మీకూ తెలియవు కదా? తెలుసుకోండి మరి. మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న, మళ్లీ 2025 జులై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లు పెట్టారు, అలాంటివి జరిగినప్పుడు చాలామంది మార్కులు అడిగి, సంతకం పెట్టి, ఫోటో దిగి వచ్చేస్తారు. మీరు మాత్రం వాణ్ని పక్కన పెట్టుకుని మేడమ్‌తో ఓ రెండు నిమిషాలు నవ్వుతూ మాట్లాడండి, చాలు. అమ్మ నవ్వుతూ మాట్లాడిన మనిషంటే ఆ వయసు పిల్లలకి సగం భయం పోతుంది. వాడికి ఇంట్లో ఏది ఇష్టమో, కుక్కపిల్లో ట్రాక్టరో, అది ఆవిడ చెవిన వేయండి, మర్నాడు "మీ కుక్కపిల్ల ఏం చేస్తోందిరా" అని ఆవిడ అడిగితే వాడు జవాబు చెప్పకపోయినా తలైనా ఊపుతాడు. అక్కడ మొదలవుతుంది.

ఇంకో మాట, ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లలు బడిలో అస్సలు మాట్లాడలేకపోవడాన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. అది పొగరూ కాదు, మొండితనమూ కాదు, ఒక రకం ఆందోళన. బడిలో చేరిన మొదటి నెలని లెక్కలోకి తీసుకోరు, కొత్త కాబట్టి చాలామంది అలాగే ఉంటారు. ఆ తర్వాత కూడా నెలకి పైగా ఇలాగే ఉంటే పిల్లల డాక్టర్‌కి చూపించి, చైల్డ్ సైకాలజిస్ట్ దగ్గరికి పంపమని అడగండి. ఈలోపు "మేడమ్‌కి గుడ్ మార్నింగ్ చెప్పు, చెప్పు, చెప్పకపోతే చూడు" అని నలుగురిలో నిలబెట్టొద్దు, దానివల్ల ఇంకా బిగుసుకుపోతారు.

ప్ర: మా చిన్నతనంలో మాస్టారు వీధిలో కనపడితే పక్క సందులోకి దూరేవాళ్లం. ఇప్పుడు నా మనవరాలు, రెండో తరగతి, వాళ్ల టీచర్ మెడ పట్టుకుని ఊగుతుంటే ఆవిడ నవ్వుతోంది! భయం లేనిచోట భక్తి ఎలా వస్తుంది? – ఒక తాతయ్య, తెనాలి

జ: బాబాయిగారూ, మీరు సందులోకి దూరింది భక్తితోనా? తొడపాశం, గోడకుర్చీ, కోదండం, ఇవన్నీ మీకు గుర్తులేకపోవు. ఇప్పుడవి చేస్తే చట్టం ఊరుకోదు, 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడమే కాదు, మాటలతో వేధించడం కూడా కుదరదంటుంది, ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అయితే మీ కాలం గురించి మీరు సగమే రాశారు. దసరాకి అదే మాస్టారు పిల్లలందరికీ రంగుకాగితాలు అంటించిన విల్లంబులు చేతికిచ్చి, ఇంటింటికీ తిప్పి పాటలు పాడించలేదూ? ఇంటివాళ్లు ఆయనకి తోచింది చేతిలో పెట్టి పిల్లలకి పప్పుబెల్లాలు పంచేవాళ్లు. జీతం సరిగా లేని మాస్టర్లకి అది సంపాదన కూడా అనుకోండి. కానీ బడి బయట, వీధిలో, బెత్తం లేకుండా మాస్టారితో కలిసి తిరగడం పిల్లలకి ఆ నాలుగు రోజులే దొరికేది. మీ తరంవాళ్లని మాస్టారి గురించి కదిపితే దెబ్బలు చెప్పాక వెంటనే చెప్పేది ఆ దసరా ముచ్చటే. మీ మనవరాలికి ఆ ముచ్చట ఏడాది పొడుగునా ఉంది, ఊగనివ్వండి. ఆవిడకి మెడనొప్పి వస్తే ఆవిడే దింపుతుంది.

ప్ర: 2025 మెగా డీఎస్సీలో ఎస్‌జీటీగా (చిన్న తరగతులు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్‌గా) సెలెక్ట్ అయ్యాను. మాది గుంటూరు వైపు, పోస్టింగ్ సీతంపేట ఏజెన్సీలో. పిల్లలంతా సవర గిరిజనులే. నా తెలుగు ఒకటో తరగతి వాళ్లకి అర్థం కాదు, వాళ్ల మాట నాకు అర్థం కాదు. దగ్గరికి వెళ్తే అక్కల వెనక దాక్కుంటున్నారు. సిలబస్ ఎప్పటికి అవుతుందో అని టెన్షన్‌గా ఉంది. – ఒక కొత్త టీచర్

జ: అమ్మాయ్, ముందు సిలబస్ పక్కన పెట్టు. ఒకటో తరగతికి వచ్చిన పిల్లల్ని మొదటి మూడు నెలలూ ఆటపాటలతోనే బడికి అలవాటు చేయమని 2021లో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లే విద్యాప్రవేశ్ అని ఒక కార్యక్రమం తయారు చేశారు, కాబట్టి నువ్వు వాళ్లతో ఆడుకుంటే పాఠం ఎగ్గొట్టినట్టు కాదు.

నువ్వున్న చోటికి దగ్గరలోనే, పర్లాకిమిడిలో, నీకంటే చాలా ముందు ఇదే ఇబ్బంది చూసిన ఒక మాస్టారు ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసి, వాడుక భాష కోసం పోరాడారని ఉపన్యాసాలిచ్చి ఊరుకుంటాం, సవరల సంగతి ఎవరూ ఎత్తరు. ఆయన అక్కడ బడిలో పాఠాలు చెబుతూనే సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లల కోసం ఆ భాషలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం 1931లో అచ్చయింది. నువ్వు వ్యాకరణం రాయనక్కర్లేదు. పిల్లలకి బడిలో మొదట అవసరమయ్యే మాటలు ఏవో ఆలోచించు: దాహమేస్తోంది, ఒంటికెళ్లాలి, కడుపు నొప్పి, వాడు కొట్టాడు, అమ్మ దగ్గరికి వెళ్తా. ఈ ఐదూ సవరలో నేర్చుకో. ఒంటికెళ్లాలని చెప్పలేక లాగులో పోసుకున్న పిల్లాడు మర్నాడు బడికి రాడు, వాడి మాట నీకు అర్థమైతే వాడు నీ మనిషైపోతాడు.

ఎవరు నేర్పుతారంటావా, నాలుగు, ఐదు తరగతుల పిల్లలున్నారు, మధ్యాహ్న భోజనం వండే ఆవిడ ఉంది. ఆవిణ్ని మంచి చేసుకో, ఊళ్లో ప్రతి పిల్లాడి గుట్టూ ఆవిడ దగ్గరుంటుంది. నువ్వు తప్పుగా పలికితే పిల్లలు పగలబడి నవ్వుతారు, నవ్వనీ, ఆ కాసేపు నువ్వే వాళ్ల ముందు ఒకటో తరగతి. మధ్యాహ్నం ఆఫీసు గదిలో కుర్చీ వేసుకుని క్యారేజీ విప్పకుండా వాళ్ల వరసలోనే కూర్చుని తిను. వారపు సంతకి వెళ్లు, తల్లులు అక్కడ కనపడతారు. రిజిస్టర్‌లో రాసిన పేరు ఒకటి, ఇంట్లో పిలిచే పేరు ఒకటి ఉంటే రెండోదే పట్టుకో. పెద్దపిల్లలు తరగతిలో వచ్చి కూర్చుని మధ్యలో మాట మార్చి చెబుతుంటే అడ్డుకోవద్దు, ఇన్‌స్పెక్షన్‌కి ఎవరైనా వచ్చి ఇదేంటని అడిగితే వీలైన చోటల్లా ఇంట్లో మాట్లాడే భాషలోనే చిన్న తరగతులు నడపాలని 2020 జాతీయ విద్యా విధానమే చెబుతోందని మర్యాదగా చెప్పు. ఉమ్మడి రాష్ట్రంలోనే సవర, కోయ లాంటి భాషల్లో చిన్న తరగతులకి పుస్తకాలు వేశారు, మీ మండలంలో ఏ బీరువాలో ఉన్నాయో అడిగి తెచ్చుకో.

ప్ర: రైతుబజార్‌లో మా పాప వాళ్ల టీచర్‌ని చూసి నా చీర వెనక దాక్కుంది. ఇంటికొచ్చాక "టీచర్ కూడా టమాటలు కొంటదా" అని అడిగింది. నవ్వాలో బాధపడాలో తెలియలేదు. – హనుమకొండ

జ: నవ్వండి. ఐదారేళ్ల పిల్లల్లో చాలామంది టీచర్ బడిలోనే ఉంటుందనీ, రాత్రి బెంచీల మీద పడుకుంటుందనీ నిజంగానే అనుకుంటారు. మళ్లీ కనపడితే ముందుకి తోయొద్దు, మీరే పలకరించి, ఏం కూర వండుతున్నారని అడగండి. పాప చీర వెనక నుంచే అన్నీ వింటుంది, సోమవారం తరగతిలో అందరికీ చెప్పేది కూడా అదే.

ప్ర: ప్రైవేటు స్కూల్లో యూకేజీ నుంచి చదువుతున్నాడు, ఇప్పుడు రెండో తరగతి. ఈ ఒక్క ఏడాదిలో క్లాస్ టీచర్ మూడోసారి మారింది. కొత్తావిడ వస్తే "ఈమె కూడా పోతదా" అంటున్నాడు. – కరీంనగర్

జ: పిల్లాడు సరిగ్గానే అడిగాడు, అబద్ధం చెప్పి "పోదులే" అనకండి. చాలా స్కూళ్లలో టీచర్లు ఎందుకు మానేస్తారో మనందరికీ తెలుసు, ఫీజు పెరిగినంత వేగంగా వాళ్ల జీతం పెరగదు, ఇంకో స్కూల్లో కాస్త ఎక్కువిస్తే వెళ్లిపోతారు, తప్పుపట్టలేం. తప్పు పట్టాల్సింది చెప్పాపెట్టకుండా మార్చేయడాన్ని. శుక్రవారం దాకా ఉన్న మనిషి సోమవారం లేకపోతే ఏడేళ్లవాడు తన వల్లే వెళ్లిపోయిందనుకుంటాడు. మీటింగ్‌లో నలుగురు తల్లిదండ్రులు కలిసి ఒక్కటే అడగండి: వెళ్లే టీచర్ పిల్లలకి తనే చెప్పి వెళ్లాలి, కొత్తావిడతో ఒకట్రెండు రోజులైనా కలిసి తరగతిలో ఉండాలి. ఏసీ క్లాసురూము, స్మార్ట్ బోర్డు చూసి బడిలో చేర్పించేవాళ్లు, ఇక్కడ టీచర్లు ఎన్నాళ్లు ఉంటారని కూడా అడిగితే యాజమాన్యాలు కాస్త ఆలోచిస్తాయి.

ప్ర: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. ఆగస్టులో మీట్ ది టీచర్‌కి (బడి మొదలయ్యే ముందు టీచర్‌ని కలిసే రోజు) వెళ్తే బాబు "టీచర్, టీచర్" అన్నాడు, ఆవిడ తన ఇంటిపేరుతో పిలవమంది. వాడి పేరు హృషీకేశ్, ఆవిడకి నోరు తిరగక ఏదో అంటోంది, వాడేమో సరిదిద్దడు, ఇంటికొచ్చి పేరు మార్చమంటాడు. – ఒక అమ్మ

జ: మనం పెద్దవాళ్లని, అందులోనూ గురువుల్ని పేరు పెట్టి పిలవం, వాళ్లని సరిదిద్దడమంటే ఎదురు చెప్పడమే అని కూడా చిన్నప్పట్నుంచీ నూరిపోస్తాం, అందుకే మీవాడు ఆగిపోయాడు. ఇంటిపేరుతో పిలవడం అక్కడి మర్యాద, రెండ్రోజుల్లో అలవాటవుతుంది. రెండోది మీరు చేయాలి. వాడి చేతే పేరు నెమ్మదిగా చెప్పించి రికార్డు చేసి ఆవిడకి పంపండి, ముక్కలు ముక్కలుగా ఎలా పలకాలో రాసివ్వండి. "మేడమ్ తప్పు చెప్పింది" అని కాకుండా "నా పేరు నేర్పించనా" అని ఎలా అడగాలో ఇంట్లో ఓసారి ఆడించండి, మీరు టీచర్‌గా, వాడు వాడిగా. హృషి చాలనుకుంటే అదీ మంచిదే, కానీ ఆ మాట వాడు అనాలి.

ప్ర: నేను నాలుగో తరగతి. మా సార్ ట్రాన్స్‌ఫర్ అయి పోయిండు. కొత్త టీచర్ మంచిగనే ఉన్నది, కానీ ఆమెతో మంచిగ మాట్లాడితే మా సార్‌కి కోపం వస్తదేమో. – సిద్దిపేట జిల్లా (ఉత్తరం పెన్సిల్‌తో ఉంది, అక్షరాలు గుండ్రంగా బాగున్నాయి)

జ: బంగారూ, రాదు. మీ సార్ కూడా ఇప్పుడు ఇంకో ఊళ్లో కొత్త పిల్లల ముందు నిలబడి, వీళ్లు నాతో మాట్లాడతారా లేదా అని చూస్తుంటాడు. మీ కొత్త టీచర్‌కి మీ బడి గురించి ఏమీ తెలియదు కదా, చాక్‌పీసుల డబ్బా ఎక్కడుందో, ఏ కిటికీ రెక్క ఊడిపోయి ఉందో, ఎవరు ఎవరితో కొట్లాడుకున్నారో. నువ్వే చూపించు. మీ సార్‌కి ఒక ఉత్తరం రాయి, అడ్రస్ హెడ్మాస్టర్ సార్ దగ్గరుంటుంది, లేదా కొత్త టీచర్‌నే ఫోన్‌లో ఫోటో తీసి పంపమని అడుగు. ఎక్కాలు ఎక్కడిదాకా వచ్చాయో కూడా అందులో రాయి, రాయకపోతే ఆయన అదే అడుగుతాడు.