దేవుణ్ణి నమ్ముకున్నా ఉన్నదానితో తృప్తి ఎందుకు కలగడం లేదు? ఇంకా కావాలనుకోవడం తప్పా?

తృప్తి కలుగుతుందండీ. కాకపోతే ఆదివారం చర్చిలో సాక్ష్యాలు, అంటే దేవుడు తమకి చేసిన మేలు గురించి జనం చెప్పుకునే మాటలు, వింటూ కూర్చుంటే మాత్రం కలగదు. ఉద్యోగం వచ్చినవాళ్లు, ఇల్లు కట్టుకున్నవాళ్లు మైకు పట్టుకుంటారు. అడిగింది దొరక్కపోయినా విశ్వాసంలో నిలబడ్డవాళ్లని ముందుకు పిలిచి మాట్లాడించడం నేనెప్పుడూ చూడలేదు. పొద్దున బాగానే వెళ్లినవాడు "నా వంతు ఎప్పుడు ప్రభువా" అనుకుంటూ ఇంటికొస్తాడు. దీని మీద నాకున్న కోపం ఇంకా ఉంది, కిందికి రండి చెబుతాను.

ముందు నా సంగతి. నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట ముద్దముద్దగా వచ్చేది. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, లేకపోతే నడుం మీద, తుంటి మీద పుండ్లు పడతాయి. తిప్పితే సరిపోదు, కింద దుప్పటిని ముడత లేకుండా బిగించి లాగాలి. చిన్న మడత ఒత్తుకున్నా చర్మం ఎర్రబడిపోతుంది. పగలు ఉద్యోగం, రాత్రి అలారాలు. వేరే దేశంలో ఉండే అన్నయ్య వీడియో కాల్ చేసి, "నీకు దొరికిన సేవ గొప్ప దీవెనరా" అనేవాడు. సగం నువ్వూ తీసుకోవచ్చుగా ఆ దీవెన, అని నోటిదాకా వచ్చేది.

నాన్నగారికి నిద్రపోయే ముందు బైబిలు వాక్యం చదివి వినిపించాలి. ఓ రాత్రి వరుసలో యోహాను సువార్త ఆఖరి అధ్యాయం వచ్చింది. చనిపోయి తిరిగి లేచిన యేసు తన శిష్యుడు పేతురుతో అంటాడు: వయసులో ఉన్నప్పుడు నీ నడుము నువ్వే కట్టుకుని ఇష్టమైన చోటికి తిరిగావు, ముసలివాడివయ్యాక ఇంకొకరు నీ నడుము కట్టి నీకిష్టం లేని చోటికి మోసుకుపోతారు. అది పేతురు ఎలా చనిపోతాడో చెప్పిన మాట అని తర్వాతి వచనంలోనే ఉంది. కానీ నేను అప్పుడే నాన్నగారి పైజమా బొందు కట్టి కూర్చున్నాను. ఆయన ఎడమ చేత్తో ఆ ముడి తడిమి చూసుకుని, సగం నోటితో నవ్వారు. నాకూ నవ్వు ఆగలేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత. పేతురు వెనక్కి తిరిగి, యేసు ప్రేమించిన శిష్యుణ్ణి చూసి, మరి ఇతని సంగతేమిటి ప్రభువా అని అడుగుతాడు. నేను తిరిగి వచ్చేదాకా అతను బతికి ఉండడం నాకిష్టమైతే "అది నీకేమి?" అంటాడు యేసు, నువ్వు నా వెంట రా అంటాడు. నేను గుక్క తిప్పుకునేలోపే నాన్నగారు నా వైపు చూసి "నీ... కే... మి" అన్నారు. ఫోన్ పెట్టేశాక నేను గొణిగేదంతా ఆయన వింటూనే ఉన్నారన్నమాట.

అప్పటినుంచి నా లెక్క ఒక్కటే. మన అసంతృప్తిలో ముప్పావు వంతు పక్కవాడి వైపు చూసి తెచ్చుకున్నదే. రుజువు లేదు, అయినా ఎవరితోనైనా వాదిస్తాను. నాకు పని తగ్గలేదు, నిద్ర పెరగలేదు. దుప్పటి లాగుతున్నంతసేపూ మనసులో అన్నయ్యతో నడిచే తగువు మాత్రం ఆగింది. ఇంకెన్నేళ్లు ఇలా అన్న లెక్క కూడా మానేశాను. నిర్గమకాండం 16లో మన్నా సంగతి, అదే ఎడారిలో ఇశ్రాయేలీయులకి దేవుడిచ్చిన ఆహారం సంగతి, చదివే ఉంటారు. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, తెల్లారేదాకా దాచినవాళ్లది పురుగు పట్టి కంపు కొట్టింది, విశ్రాంతి దినం కోసం దాచింది తప్ప. నేనేమో రాత్రి 2 గంటలకి లేచి వచ్చే ఏడాదికి సరిపడా ఓపిక ఇమ్మని అడుగుతున్నాను. 4 గంటల దాకా చాలు ప్రభువా అని అడగడం మొదలుపెట్టాను. అంత దొరికేది.

ఇక నా కోపం. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అనే వచనాన్ని పరీక్షలకి వెళ్లే పిల్లలకి, వ్యాపారం మొదలుపెట్టేవాళ్లకి రాసిస్తారు. ఫిలిప్పీయులకు 4:13 అది. దాని పైనున్న 12వ వచనాన్ని గోడకి తగిలించినవాళ్లని చూపించండి! కడుపు నిండి ఉన్నా, ఆకలితో ఉన్నా ఎలా ఉండాలో నేర్చుకున్నానంటాడు ఆ ఉత్తరం రాసిన అపొస్తలుడు పౌలు అందులో, అదీ సంకెళ్లలో ఉండి. ఆ మనిషి మాటని ర్యాంకు కోసం వాడుకుంటే ఎలాగండీ?

ఇంకా కావాలనుకోవడం తప్పా అన్నారు. కాదు. ఫిలిప్పీ ఊరి విశ్వాసులు ఎపఫ్రొదితు అనే మనిషి చేతికిచ్చి పంపిన సాయం ముట్టిందని అదే ఉత్తరంలో పౌలు సంతోషంగా రాశాడు. తిమోతికి రాసిన రెండో పత్రికలోనైతే త్రోయ అనే ఊళ్లో వదిలి వచ్చిన అంగీ తెమ్మన్నాడు, పుస్తకాలు తెమ్మన్నాడు, చలికాలం రాకముందే రమ్మన్నాడు. ఏ మొహమాటమూ పడలేదు. అలగకుండా, దెప్పకుండా నేనూ అడిగేశాను: "అన్నయ్యా, సెలవు పెట్టుకుని రా, కొన్నాళ్లు రాత్రిళ్లు నువ్వు చూసుకో, నేను నిద్రపోవాలి." వచ్చాడు. మొదటి రాత్రే అలారం వినపడక గురక పెట్టి నిద్రపోయాడనుకోండి, నేనే లేచాను.